బాపట్ల దగ్గరి సూర్యలంక బీచ్‌లో సొరచేపల భయం ఉందా? ఈత వచ్చిన పిల్లల్ని దించొచ్చా?

ఫోన్‌లో సొరచేపల వీడియోలు చూసి అడిగారు కదా, సొర సంగతి పక్కన పెట్టండి. నా భయం వేరే.

మాది విజయవాడ, కృష్ణలంక. ఐదారేళ్ల కిందట కార్తీక సోమవారం నాడు ఇంటిల్లిపాదీ సూర్యలంక వెళ్లాం. దారి పొడుగునా అమ్మ మా తమ్ముడికి ఒకటే చెప్పడం, "లోపలికి పోమాకురా, సొరచేపలుంటయ్యి" అని. వాడు పోలేదు, నడుం లోతులోనే ఉన్నాడు. కానీ ఎక్కడ? అటూ ఇటూ అలలు విరుగుతుంటే మధ్యలో నీళ్లు చెరువులాగా నున్నగా ఉన్నచోట. అక్కడైతే భయం లేదని మేమే పంపాం. రెండు నిమిషాల్లో కాళ్ల కింద ఇసక జారిపోయింది. వాడు ఒడ్డుకే ఈదుతున్నాడు, మనిషి మాత్రం వెనక్కి పోతున్నాడు. నాకు గొంతు పెగల్లేదు. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకాయన లేచి, "ఒడ్డుకి ఈదమాక! పక్కకి! పక్కకి ఈదు!" అని అరుస్తూ ఒడ్డెంట పరుగెత్తాడు. వాడికెట్లా వినపడిందో, పక్కకి తిరిగాడు. కాస్త అవతల అలే వాణ్ణి తెచ్చి ఇసకలో పడేసింది. చాలాసేపు గుప్పిట్లో ఇసక వదల్లేదు వాడు.

నీళ్లు నున్నగా ఉన్న ఆ చోటే, విరిగిన అలల నీళ్లు తిరిగి సముద్రంలోకి పోయే దారి. అక్కడ లోతెక్కువ, అందుకే అలలు విరగవు. వెడల్పు తక్కువ కాబట్టి పక్కకి ఈదితే బయటపడతారు, ఎదురీదితే ఓపిక అయిపోయి మునుగుతారు. ఇది బళ్లో ఎవరూ చెప్పరు. సొర వీడియోలు మాత్రం మ్యూజిక్ పెట్టి మరీ పంపుతారు. ఇక మందు కొట్టి దిగేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, వాళ్లని కాపాడబోయినవాళ్ల ప్రాణానికీ ముప్పే.

సొరలు బంగాళాఖాతంలో లేవని కాదు. పాలసొర వండి బాలింతలకి పెట్టేది మనమే కదా. కానీ ఫ్లోరిడా యూనివర్సిటీ వాళ్ల లెక్కలో, మనిషి కదిలించకుండా సొర కరిచినవి ప్రపంచం మొత్తం మీద 2023లో 69, 2024లో 47. మనిషి వాటి తిండి కాదు, మసక నీళ్లలో పొరబడి కరిచేవే ఎక్కువ.

మీ పిల్లలకి ఈత వచ్చన్నారు. మా తమ్ముడూ కృష్ణలో ఈత నేర్చినవాడే. దిగేముందు అక్కడ వేటకెళ్లేవాళ్లని ఒక్క మాట అడగండి, "ఇవాళ నీళ్లు ఎక్కడ లాగుతున్నయ్యి?" అని. రోజూ ఒకేచోట ఉండదు అది.