టెక్ సందేహాలు: వాతావరణ డేటాలో గుంపులు కుదరడం లేదా?

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం మా జిల్లా 20 ఏళ్ల రోజువారీ ఉష్ణోగ్రత, తేమ వివరాలు సేకరించాను. డేటాను గుంపులుగా విడదీసే కె-మీన్స్ పద్ధతి వేసిన ప్రతిసారీ గుంపులు మారిపోతున్నాయి. మా సార్ ‘టోపాలజీ (ఆకారాలను చదివే గణితం) వాడి చూడమ్మా’ అన్నారు. 8 జీబీ ల్యాప్‌టాప్ తట్టుకుంటుందా?
– ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: తట్టుకుంటుంది, టెన్షన్ వద్దు. అసలు మీ డేటాలో గుంపులే లేకపోవచ్చు. అనంతపురంలో ఫిబ్రవరి చివర్లోనూ సెప్టెంబరులోనూ పగటి ఎండ ఇంచుమించు ఒకటే. గాలిలో తేమ మాత్రం బాగా తేడా. ఉష్ణోగ్రతను అడ్డంగా, తేమను నిలువుగా పెట్టి నెలల వరుసలో చుక్కలు కలపండి. మే నుంచి మళ్లీ మే దాకా ఒక చుట్టు తిరుగుతుంది. కె-మీన్స్‌కు ఈ చుట్టు పట్టదు. మూడు ముక్కలంటే మూడు, ఐదంటే ఐదు, ఎక్కడ పడితే అక్కడ కోసేస్తుంది.

టోపాలజీలోని పర్సిస్టెంట్ హోమాలజీ అనే పద్ధతి వెతికేది ఆ చుట్టునే. ప్రతి చుక్క చుట్టూ వృత్తం గీసి మెల్లగా పెంచుతుంది. వృత్తాలు ఒకదానికొకటి తగిలి మధ్యలో ఖాళీ ఏర్పడుతుంది, ఇంకా పెంచితే పూడిపోతుంది. ఆ ఖాళీ ఎంతవరకు నిలిచిందో ఒక గీతగా చూపిస్తుంది. బాగా పొడవైన గీత ఉంటే చుట్టును నమ్మవచ్చు. పొట్టివి చాలావరకు నాయిస్, అంటే అర్థం లేని చిన్నాచితకా తేడాలు.

ఈ పని చేసిపెట్టే రిప్సర్ అనే లైబ్రరీ పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ఉచితం. ముందు రెండు కాలమ్‌లనూ ఒకే స్కేలుకు తెచ్చుకోండి, లేదంటే అంకెలు పెద్దగా ఉండే తేమదే పెత్తనం అవుతుంది. రోజువారీ రీడింగులకు బదులు వారం సగటు తీసుకుంటే వెయ్యికి కాస్త పైన వరుసలే మిగులుతాయి. ఒక్కరోజు జల్లుకు పక్కకు జరిగిన చుక్కలు ఖాళీని పూడ్చే బాధా తగ్గుతుంది. పాడైన సెన్సర్ రీడింగులను మాత్రం ముందే తీసేయండి.

మ్యాపర్ అనే ఇంకో టోపాలజీ పద్ధతి 2007లో వచ్చింది. డేటాను అంచులు కలిసే ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కలోని గుంపులను కలుపుతూ బొమ్మ గీస్తుంది. 2011లో నికొలావ్, లెవైన్, కార్ల్‌సన్ అనే పరిశోధకులు దాన్ని పాత రొమ్ము క్యాన్సర్ డేటా మీద వాడి, మామూలు క్లస్టరింగ్‌లో చెదిరిపోయే ఒక రోగుల గుంపును పట్టుకున్నారు. ఆ గుంపులో అందరూ బతికారు. అయితే మ్యాపర్‌లో ఇంటర్వెల్స్ (ముక్కల సంఖ్య), ఓవర్‌ల్యాప్ (ముక్కలు ఒకదానిమీద ఒకటి పడే మేర) మారిస్తే బొమ్మే మారిపోతుంది. నాలుగైదు సెట్టింగులలోనూ కనబడిన ఆకారాన్నే థీసిస్‌లో పెట్టండి. అందంగా వచ్చిన ఒక్క బొమ్మను చూసి మురిసిపోతే వైవాలో దొరికిపోతారు.

ప్రశ్న: మాది బట్టల షాపు. 300 మంది ఖాతాదారుల లెక్కలు ఎక్సెల్‌లో ఉన్నాయి. ఈ టోపాలజీ మాకూ పనికొస్తుందా?
– ఒక వ్యాపారి, ప్రొద్దుటూరు

జవాబు: అక్కర్లేదండీ. ఎక్సెల్‌లోనే ఉండే పివట్ టేబుల్ చాలు. ఎవరు ఏ నెలలో ఎంత కొన్నారో, బాకీ ఎంతుందో పది నిమిషాల్లో తేలిపోతుంది.