అమ్మలూ, పత్రిక పెడతావట!

చి. అమ్మలూకి పెద్దమ్మ ఆశీస్సులు.

నెలనెలా నాలుగు పేజీల భక్తి పత్రిక అచ్చేసి పోస్టులో పంపుతావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంట్లో ఇంకొకరికి ఈ పిచ్చి పట్టినందుకు చాలా సంతోషించాను. ఆ రాత్రి మాత్రం సరిగ్గా నిద్ర పట్టలేదు. ఉద్యోగం చేసుకుంటూ ఇదంతా ఎందుకే అని ఒకసారి తిట్టేశాను, మీ అమ్మనే. నిన్ను తిట్టడానికి మనసు రాలేదు.

కాగితం, ప్రెస్సు బేరం నీకు చెప్పక్కర్లేదు. 1867 నాటి పత్రికల చట్టం పోయి 2023లో కొత్తది వచ్చింది, 2024 మార్చి నుంచి అమల్లో ఉంది. నీ నాలుగు పేజీలకి రిజిస్ట్రేషన్ కావాలో అక్కర్లేదో పేరు ఖాయం చేసుకోకముందే కనుక్కో. ప్రూఫు రెండుసార్లు చూడు. మీ పెదనాన్న పత్రిక నడిపిన రోజుల్లో ట్రిప్లికేన్ ప్రెస్సులో కంపోజిటరు తమిళాయన. తెలుగు చదవడం రాదు, అక్షరాల ఆకారం చూసి పేర్చేవాడు. అయినా తప్పులు ఎక్కువగా మీ పెదనాన్న రాతప్రతిలోనే ఉండేవి!

మొదటి సంచికలో కోవూరు పంచరత్నాల గురించి రాస్తావట. మంచి ఎంపిక. త్యాగరాజస్వామి ఒకసారి మద్రాసు వచ్చి బందరు వీధిలో సుందరేశ ముదలియార్ ఇంట్లో ఉన్నారని, ఆయన కోరికమీద మద్రాసు దగ్గరే ఉన్న కోవూరు వెళ్లి అక్కడి సుందరేశ్వరుడి మీద అయిదు కీర్తనలు పాడారని చెబుతారు. పంతువరాళి రాగంలో 'శంభో మహాదేవ' వాటిలోదే. రామా రామా అన్న నోటితోనే శివుణ్ణి పిలిచారు. కానీ ఇదంతా ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. నువ్వు పోరూరు దాటి కుండ్రత్తూరు దారిలో ఉన్న ఆ గుడికి వెళ్లి కాసేపు కూర్చుని రా. అప్పుడు రాయి. అక్కడ నీకేమీ అనిపించకపోతే అదే రాయి. రాముణ్ణి పట్టుకుని 'నామీద దయ లేదా' అని త్యాగరాజస్వామి అంత గట్టిగా నిలదీశారు కనుకే కదా, తెలుగు ముక్క రాని మైలాపూరు వాళ్లు కూడా ఆయన పాట వింటూ కళ్లు తుడుచుకుంటారు.

అలా రాస్తే ఉత్తరాలు వస్తాయి. ఆ సుఖం ఎలాంటిదో నీకింకా తెలియదు. పెరంబూరు నుంచి ఒక రిటైరైన రైల్వే ఆయన ప్రతి నెలా కార్డు రాసేవారు. సగం అచ్చుతప్పుల జాబితా, చివర ఒక్క వాక్యం, 'ఈసారి మా ఆవిడకి చదివి వినిపించాను' అని. ఆ కార్డు వచ్చిన రోజు మీ పెదనాన్న నేను అడక్కుండానే సంచీ పట్టుకుని రంగనాథన్ వీధికి కూరగాయలకి బయల్దేరేవారు. ముక్కూ మొహం తెలియనివాళ్లు మన మాట చదివి, మనసులో మాట మనకి రాయడం ఒక మత్తులాంటిది. ఆ మత్తులోనే ఆయన పొరపాటు చేశారు.

టీ నగర్ నుంచి ఒకావిడ ఉత్తరం రాసింది. అత్తవారింట్లో పూజలన్నీ తన చేతి మీదుగానే జరుగుతాయట. పెద్దబ్బాయి ఇల్లు వదిలి వెళ్లిపోయాక దీపం పెడుతోంది కానీ దండం పెట్టలేకపోతోందట. 'దేవుడి మీద కోపం వస్తే పాపమా?' అని అడిగింది. ఈయన చదివి కదిలిపోయారు. నాలుగు రోజులు జవాబు ఆలోచించి, ఇది అందరికీ పనికొస్తుందని ఉత్తరమూ జవాబూ కలిపి పత్రికలో వేసేశారు. పేరు తీసేశారులే. కానీ బట్టల కొట్టు వెనక ఇల్లనీ, కవల ఆడపిల్లలున్నారనీ, పెద్దబ్బాయి సంగతీ అలాగే ఉంచేశారు. నేను ఆ నెల నెల్లూరులో మా అమ్మ దగ్గరున్నాను. ఉంటే ఆపేదాన్ని.

ఆ వీధిలో మన పత్రిక నాలుగిళ్లకి వెళ్లేది. ఇంకేం కావాలి? వారం తిరక్కుండా వాళ్ల మామగారు పత్రిక చుట్టచుట్టి పట్టుకుని మన గుమ్మంలో నిలబడ్డారు. అరవలేదు. 'మా ఇంటి గుట్టు మీకు రూపాయి కాగితమైందా?' అని అడిగి, ఆ కాగితం అరుగు మీద పెట్టి వెళ్లిపోయారు. ఈయన రెండుసార్లు వాళ్లింటికి వెళ్లారు. తలుపు తీయలేదు. ఆవిడ మళ్లీ రాయలేదు. తర్వాతి సంచికలో క్షమాపణ వేస్తానంటే, ఉన్నది చాలదా, ఇంకా నలుగురికీ చాటుతారా అని నేనే వద్దన్నాను.

ఆయన రాసిన జవాబు ఎంత బాగుందో! ఇప్పటికీ నా దగ్గరుంది. అది ఒక్క కవరులో పెట్టి ఆవిడకి పంపి ఉంటే సరిపోయేది.

అందుకని, తల్లీ, నీకొచ్చిన ఉత్తరం నీకే. వేయాలనిపిస్తే ముందు కార్డు రాసి అడుగు. సరేనన్నాక కూడా ఊరు, వీధి, పిల్లల లెక్క మార్చెయ్. జవాబు మాత్రం అందరికీ రాయి, రెండు లైన్లయినా సరే. 'ఏ వ్రతం చేయమంటారు, ఏ స్తోత్రం చదవమంటారు' అని తప్పకుండా అడుగుతారు. నాకు తెలియదండీ అని చెప్పడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకో. ఒంట్లో బాగాలేదని రాసినవాళ్లకి ముందు డాక్టరు దగ్గరికి వెళ్లమను. ఇరవై అయిదేళ్ల పిల్లవి, నిన్ను అమ్మగారూ అని పిలిచి కాళ్లకి దండం పెడతామనేవాళ్లు కూడా బయల్దేరతారు. వాళ్లంటేనే నాకు ఎక్కువ భయం.

ఇంకో సంగతి, ఇది నా చాదస్తమే అనుకో. పత్రిక మీద వేళచ్చేరి ఇంటి అడ్రసు వేయకు. ఒంటరిగా ఉంటున్నావు. పోస్టాఫీసులో పోస్టు బాక్సు తీసుకో. లేదంటే మాంబళంలో నా అడ్రసే వెయ్యి, వచ్చిన ఉత్తరాలు వాచ్‌మన్‌తో పంపిస్తాను. విప్పనులే.

మీ పెదనాన్న పాత సంచికల కట్ట అటక మీద ఉంది, నాకు అందదు. ఆదివారం వచ్చి దించుకో. మధ్యాహ్నం భోజనానికే రా. నీ మొదటి సంచిక ప్రూఫు కూడా తీసుకురా, నేనూ ఒకసారి చూస్తాను. ఎర్ర ఇంకు పెన్ను నీదే తెచ్చుకో, నా దగ్గరున్నది ఎండిపోయింది.

మీ పెద్దమ్మ