దీర్ఘశాంతుడికి ఉగ్రత ఎందుకు?

ప్రశ్న: పాత నిబంధనలో దేవుడు ఉగ్రుడు, కొత్త నిబంధనలో దయామయుడు అంటారు. ఇద్దరూ ఒక్కరేనా? యోనా కాలంలో నీనెవెను క్షమించి, తర్వాత ఎందుకు నాశనం కానిచ్చాడు?

జవాబు: ఇద్దరు దేవుళ్లనే వాదన కొత్తది కాదు. రెండో శతాబ్దంలో మార్సియన్ అనే బోధకుడు అదే చెబితే రోమా సంఘం అతణ్ని వెలివేసింది. పాత నిబంధనను నిదానంగా చదివితే ఆ వాదన నిలవదు.

కోపానికి హీబ్రూలో వాడే 'అఫ్' అనే మాటకు ముక్కు అని కూడా అర్థం. మనం 'ముక్కు మీద కోపం' అంటామే, ఇంచుమించు అదే ఊహ. నిర్గమకాండం 34:6లో దేవుడు తన గురించి తానే చెప్పుకున్న గుణాల్లో 'ఎరెఖ్ అప్పయిమ్' ఒకటి. మాటకు మాట చూస్తే 'పొడుగు ముక్కువాడు', అంటే కోపం రావడానికి చాలా కాలం పట్టేవాడు. తెలుగు బైబిల్లో అది 'దీర్ఘశాంతము' అయింది. అసలు కోపమే రాదని అందులో లేదు.

నీనెవె విషయంలో ఈ మాట రెండుసార్లు వస్తుంది. యోనా 4:2లో ప్రవక్త దాన్నే ఫిర్యాదుగా అంటాడు: నువ్వు ఇలా క్షమిస్తావని తెలిసే పారిపోయాను అని. నలభై రోజుల్లో నగరం నాశనమవుతుందని యోనా చాటితే విని నీనెవె రాజు సైతం గోనెపట్ట కట్టుకుని బూడిదలో కూర్చున్నాడు, శిక్ష ఆగింది. నహూము 1:3లోనూ అదే మాట, కానీ అక్కడ తీర్పు ఖాయమైంది. మధ్యలో నీనెవె ఏలుబడిలోని అష్షూరు రాజ్యం ఏం చేసిందో రాళ్లే చెబుతాయి. క్రీ.పూ. 701లో యూదా పట్టణమైన లాకీషును పట్టుకున్న అష్షూరు రాజు సన్హెరీబు ఆ యుద్ధాన్ని తన నీనెవె రాజభవనం గోడల మీద చెక్కించుకున్నాడు. కొయ్యలకు గుచ్చిన మనుషులు, చర్మం ఒలుస్తున్న బందీలు ఆ పలకల మీద ఈనాటికీ కనిపిస్తారు. క్రీ.పూ. 612లో బబులోనీయులు, మాదీయులు కలిసి ఆ నగరాన్ని కూల్చారు. కనుక మారింది దేవుడు కాదు, నీనెవె. యిర్మీయా 18:7-10 ఈ సూత్రాన్ని సూటిగానే చెబుతుంది: జనం చెడుతనం మానితే శిక్ష ఆగుతుంది, చెడుకు తిరిగితే చేస్తానన్న మేలూ ఆగుతుంది.

యోనా నాలుగు అధ్యాయాలు, నహూము మూడు. రెండూ ఒకే కూర్చోవడంలో చదవండి. ఒకటి వదిలి ఒకటి చదివితేనే దేవుడు ఇద్దరుగా కనిపిస్తాడు.

ప్రశ్న: భూకంపాలు, వరదలు దేవుని ఉగ్రతేనా?

జవాబు: ఫలానా ప్రమాదం ఫలానావాళ్ల పాపానికి శిక్ష అని తేల్చే అధికారం మనకు లేదు. 1755 నవంబరు 1న, సకల పరిశుద్ధుల పండుగ ఉదయం, పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో భూమి కంపించింది. ఆరాధనకు వచ్చినవారి మీదే చర్చిలు కూలాయి. మరుసటి ఏడు గాబ్రియేల్ మలాగ్రిడా అనే జెస్యూట్ గురువు, కారణం ప్రకృతి కాదు, ఊరి పాపమేనని కరపత్రం వేశాడు. ఇల్లూ వాకిలీ పోయినవాళ్ల నెత్తిన నేరం కూడా మోపడం క్రూరత్వం.

లూకా 13లో ఇదే ప్రశ్న యేసు ముందుకు వచ్చింది. సిలోయములో గోపురం పడి 18 మంది చనిపోయారు. వాళ్లు యెరూషలేములో అందరికంటే పాపులా అంటే, కాదన్నాడు. చచ్చినవాళ్ల లెక్క వదిలి, మారుమనస్సు పొందమని వింటున్నవాళ్లకే చెప్పాడు. ఆ వెంటనే ఒక ఉపమానం: మూడేళ్లుగా కాయని అంజూరపు చెట్టును నరికేయమంటాడు యజమాని. ఈ ఒక్క ఏడాది ఉండనివ్వండి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తాను అంటాడు తోటమాలి. చెట్టు కాసిందో లేదో లూకా రాయలేదు.