నువ్వు చేలో పువ్వు రావాల్సిన చోట ఆకులు వస్తుంటే...

ప్రశ్న: తాడికొండ మండలంలో పత్తి పీకేసిన ఎకరన్నరలో బోరు కింద నువ్వులు వేశాను. ఫిబ్రవరి చివర్లో చల్లాను, ఇప్పటికి 50 రోజుల చేను. పూత మొదలైన దగ్గర్నుంచి అక్కడక్కడా మొక్కల చివర్లు చీపురు కట్టలా గుబురుగా పెరుగుతున్నాయి, కాయ పట్టడం లేదు. మందుల షాపులో బోరాన్ లోపమంటే ఒకసారి కొట్టాను. తర్వాత తెగులు మందు కూడా కొట్టాను. గుణం లేదు. విత్తనంలో తేడానా? చేను దున్నేయమంటారా? టెన్షన్‌గా ఉందండి.
– ఒక రైతు, గుంటూరు జిల్లా

జవాబు: తొందరపడి దున్నకండి. మీరు చెప్పిన గుర్తులన్నీ వెర్రి తెగులువే. అయినా ఒకసారి మీ కళ్లతో చూసి నిర్ధారించుకోండి. రేపు పొద్దున ఒక గుబురు చివర తుంచి అరచేతిలో పెట్టుకోండి. మామూలు నువ్వు పువ్వు లేత గులాబీ ఛాయతో తెల్లటి గంటలా ఉంటుంది కదా. ఇందులో ఆ గంట ఉండదు, ఆ చోట ఆకుపచ్చ రెబ్బలే ఉంటాయి. మధ్యలో కాయలా ఉబ్బినదాన్ని గోటితో చీల్చండి. గింజలుండాల్సిన చోట సన్నటి ఆకులు చుట్టుకుని ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. చీల్చినప్పుడు లోపల చిన్న పురుగు కనిపిస్తే అది కోడు ఈగ పని. చివరి ఆకులు దారాలతో అల్లుకుపోయి ఉంటే ఆకుముడత పురుగు. వాటి వైద్యం వేరు.

వెర్రి తెగులు లోపం వల్ల రాదు, బూజు వల్లా రాదు. ఫైటోప్లాస్మా అనే అతి సూక్ష్మమైన జీవి మొక్కలో ఆహారం ప్రవహించే నాళాల్లో కాపురం పెడుతుంది. బాక్టీరియా జాతిదే కానీ దానికి కణకవచం ఉండదు. 1967లో జపాన్ శాస్త్రవేత్తలు గుర్తించేదాకా ఇలాంటి తెగుళ్లను వైరస్ వల్లనే అనుకునేవాళ్లు. బూజును చంపే మందు దాన్ని ఏమీ చేయలేదు. బోరాన్‌కూ దానికీ సంబంధమే లేదు. మీ రెండు పిచికారీల డబ్బూ అలాగే పోయింది. టెట్రాసైక్లిన్ కొట్టమని కూడా ఎవరైనా చెప్పొచ్చు. అది వాడినన్నాళ్లు లక్షణాలు అణుగుతాయి, ఆపగానే మళ్లీ మొదలవుతాయి. చేలో వాడే పని కాదది.

విత్తనం మీద కూడా అనుమానం పెట్టుకోకండి. ఈ తెగుల్ని చేలో తిప్పేది దీపపు పురుగు. పత్తిలో మీరు రోజూ చూసిన పచ్చదోమ కాదు, గోధుమ రంగులో ఉండే దాని దాయాది. తెగులు మొక్క రసం పీల్చాక కొన్నాళ్లకు అది పక్క మొక్కలకు అంటించడం మొదలుపెడుతుంది. అంటిన మొక్కలో గుర్తులు బయటపడటానికి ఇంకో నెల అటూ ఇటూ పడుతుంది. అంటే ఈ రోజు మీకు కనిపిస్తున్న గుబుర్లు చేను చిన్నగా ఉన్నప్పుడు అంటినవి. అసలు పోరాటం అప్పుడే జరగాల్సింది.

ఇప్పుడు చేయాల్సింది: ముందు డైమిథోయేట్ లీటరు నీటికి 2 మి.లీ. చొప్పున ఎకరాకు 200 లీటర్ల నీటితో కొట్టండి. సాయంత్రం పూటే కొట్టండి, పూత మీద పొద్దున తేనెటీగలు తిరుగుతుంటాయి. మర్నాడు వెర్రి మొక్కల్ని వేళ్లతో సహా పీకండి. మందు కొట్టకుండా పీకితే మొక్క కదలగానే పురుగు ఎగిరి పక్క మొక్క మీద వాలుతుంది. అందుకే ఈ వరస. పీకినవి గట్టు మీద పడేస్తే చేసిన పని వృథా, కాల్చేయండి లేదా లోతుగా పూడ్చండి. అడుగున కాయలు నిండి చివర మాత్రమే గుబురైన మొక్కల్ని నేనైతే ఉంచేస్తాను. మీ చేను ఎనభై, ఎనభై అయిదు రోజుల పంట, ఇంకో నెలలో కోతకొస్తుంది. ఆ కాయల్ని పోగొట్టుకోవడం దేనికి? మొదట్నుంచీ గుబురై ఒక్క కాయ కూడా పట్టని మొక్కల్ని మాత్రం వదలకండి. ఆ మొక్కలు చేలో సగానికి మించి ఉంటే, అప్పుడు దున్నే సంగతి మాట్లాడుకుందాం.

గట్ల మీద కూడా ఒక కన్నేయండి. వంగ తోటలో ఆకులు చిట్టివైపోయి కాపు లేని మొక్కలు, పూలు పచ్చబడిన బిళ్లగన్నేరు ఉంటే అవీ ఈ కుటుంబం తెగుళ్లే. వయ్యారిభామ కూడా దీనికి ఆశ్రయమిస్తుంది. పీకించేయండి.

మళ్లీ వేసవికి నువ్వులు వేస్తే జనవరి రెండో పక్షం నుంచి ఫిబ్రవరి మొదటి పక్షంలోపు విత్తండి. మీది ఈసారి ఆలస్యమైంది. మొలిచిన పదిహేనో రోజు నుంచి వారానికోసారి ఆకుల అడుగున దీపపు పురుగులున్నాయేమో చూసుకోండి. తొలకరిలో వేసేటట్లయితే ఆరు సాళ్ల నువ్వులకు ఒక సాలు కంది పెట్టండి. అనుమానముంటే కొమ్మను తడిగుడ్డలో చుట్టి లాం ఫారానికి, అంటే లాంలోని వ్యవసాయ పరిశోధన కేంద్రానికి, పట్టుకురండి. మీ ఊరికి దగ్గరే కదా. ఫోన్‌లో ఫోటో కంటే చీల్చి చూసిన కాయే నయం.