జిమ్ సంగతి తర్వాత, ముందు మీ సెలవులు లెక్కపెట్టండి

వయసు 42, హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం, వచ్చే అక్టోబరులో ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్, మూడు నెలలుగా జిమ్‌కి వెళ్తున్నాను, సరిపోతుందా, ఇంకా ఎలా సిద్ధం కావాలి అని అడిగారు. చివర్లో మాత్రం "ఆఫీసులో సెలవు తక్కువ దొరికింది, అందుకని పది రోజుల ప్యాకేజీ తీసుకున్నాను" అని ఒక్క ముక్క రాశారు. ఇక్కడ అందరూ జిమ్ గురించే జవాబు చెప్పారు. నాకు ఆ చివరి ముక్క చదవగానే గుండె ఝల్లుమంది, అందుకే రాస్తున్నాను.

మాది రాజమండ్రి. నేను బ్యాంకులో పనిచేస్తాను. 2018 అక్టోబరులో నేనూ, మా తమ్ముడూ ఇదే ట్రెక్‌కి వెళ్లాం. అప్పటికి నాకు 45, వాడికి 38. వాడు రోజూ పరుగెత్తే మనిషి. 21 కిలోమీటర్లు రెండు గంటల లోపు పూర్తి చేసేవాడు. ఇంట్లో అందరి బెంగా నా గురించే, వాడి గురించి ఎవరికీ చింత లేదు.

వాడికీ సెలవు సమస్యే. మేం డబ్బు కట్టిన నిర్వాహకుడు "పర్వాలేదు మేడం, దింగ్‌బోచెలో ఒక రోజు తగ్గిస్తే సరిపోతుంది, మీరు ఫిట్‌గానే ఉన్నారుగా" అన్నాడు. నాకు అప్పుడు ఆ ఊరు ఎక్కడుందో కూడా తెలియదు. సరే అన్నాను.

ఆ ఒక్క రోజు ఎందుకు ఉంటుందో ఇప్పుడు చెబుతాను. లుక్లాలో విమానం దిగితే 2,860 మీటర్లు. నామ్చె బజార్ 3,440. అక్కడ రెండు రాత్రులు అందరూ ఉంటారు. తెంగ్‌బోచె 3,860, దింగ్‌బోచె 4,410, లొబుచె 4,940, గోరక్‌షెప్ 5,164, బేస్ క్యాంప్ 5,364. మూడు వేల మీటర్లు దాటాక ఈ రాత్రి పడుకునే చోటు నిన్నటి చోటు కంటే 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదనీ, మూడు నాలుగు రోజులకోసారి ఒకే ఎత్తులో రెండు రాత్రులు ఆగాలనీ కొండల్లో పనిచేసే డాక్టర్లు చెబుతారు. తెంగ్‌బోచె నుంచి దింగ్‌బోచె 550, అక్కడి నుంచి లొబుచె 530. దింగ్‌బోచెలో రెండో రాత్రి తీసేస్తే వరసగా రెండు రోజులు ఆ హద్దు దాటినట్టే. ఈ లెక్క నేను ఇంటికొచ్చాక కాగితం మీద వేసి చూశాను. వెళ్లేముందు వేయాల్సింది.

తెంగ్‌బోచెలోనే వాడికి తలనొప్పి మొదలైందట. నాకు చెప్పలేదు. దింగ్‌బోచెలో అన్నం ముందు కూర్చుని కెలికాడే తప్ప తినలేదు. "ఏమైందిరా?" అంటే "ఎండ తగిలిందక్కా, ఏం లేదు" అన్నాడు. మర్నాడు లొబుచె దారిలో రోజూ అందరికంటే ముందుండే మనిషి అందరికంటే వెనక పడ్డాడు. మా గైడ్ ఆ ప్రాంతపు షెర్పా కుర్రాడు. పొద్దుట్నుంచీ "బిస్తారై, బిస్తారై" అంటూనే ఉన్నాడు. నేపాలీలో మెల్లగా అని. ఇప్పుడు తమ్ముడు నిజంగానే మెల్లగా నడుస్తుంటే అతను మాత్రం నవ్వడం మానేసి వాడి కాళ్లకేసే చూస్తున్నాడు.

ఆ రాత్రి లాడ్జిలో పొయ్యి చుట్టూ కూర్చున్నాం. తమ్ముడు బిస్కెట్ ప్యాకెట్ విప్పబోతున్నాడు. విప్పలేకపోతున్నాడు. చాలాసేపు అలాగే దాన్ని తిప్పుతూ కూర్చుని, నా వైపు తిరిగి "అక్కా, మన బోగీ ఏది?" అన్నాడు.

ముందు హాస్యం అనుకున్నాను. వాడి కళ్లు చూశాక కాదని తెలిసింది. గైడ్ వెంటనే లేచి, నేల మీద చెక్కల మధ్య గీత చూపించి, ఒక కాలి మడమకి రెండో కాలి వేళ్లు ఆనించి నడవమన్నాడు. రెండో అడుగుకే తూలి నా మీద పడ్డాడు. వేలికి పెట్టే ఆక్సీమీటర్ రక్తంలో ఆక్సిజన్ 61 శాతం అని చూపించింది. నాది 80.

గైడ్ నిర్వాహకుడికి ఫోన్ చేశాడు. "డయామాక్స్ మాత్ర ఇవ్వండి, పొద్దున చూద్దాం" అని అవతల నుంచి జవాబు. డయామాక్స్ అంటే ఎత్తుకు శరీరం అలవాటు పడటానికి వేసుకునే మందు. మా గుంపులో ఒకరిద్దరు కూడా ఈ చలిలో, చీకట్లో ఎక్కడికి వెళ్తారు, తెల్లారనివ్వండి అన్నారు. గైడ్ నా వైపు తిరిగి హిందీలో ఒక్క మాటే అన్నాడు. "దీదీ, పొద్దున దాకా ఆగితే ఈయన నడవలేరు. ఇప్పుడే దిగాలి."

తొమ్మిదిన్నరకి బయల్దేరాం. గైడ్ ఒక పక్క, లాడ్జిలో ఉన్న మరో పోర్టర్ ఇంకో పక్క వాడి చేతులు భుజాల మీద వేసుకున్నారు. నేను వెనక లైటు పట్టుకున్నాను. అరగంటకే నా హెడ్‌ల్యాంప్ ఆగిపోయింది. చలికి బ్యాటరీలు అలా చచ్చిపోతాయి. స్పేర్ బ్యాటరీలు బ్యాగులో కాదు, ఒంటిని ఆనుకుని ఉండే జేబులో పెట్టుకోవాలి. ఈ ముక్క దయచేసి రాసుకోండి.

తుక్లా కనుమ దగ్గర ఎవరెస్ట్ మీద చనిపోయినవాళ్ల కోసం కట్టిన రాతి గుర్తులు వరసగా ఉంటాయి. మధ్యాహ్నం వచ్చేటప్పుడు వాటి దగ్గర ఫొటోలు తీసుకున్నాం. రాత్రి గైడ్ చేతిలో లైటు వాటి మీద పడుతుంటే నేను తలదించుకుని తమ్ముడి మడమలు మాత్రమే చూస్తూ నడిచాను. వాడు మధ్యలో రెండుసార్లు వాంతి చేసుకున్నాడు, ఒకసారి కూర్చుండిపోయి "నన్ను వదిలెయ్యండి, నిద్రపోతా" అన్నాడు. చిన్నప్పుడు బడికి వెళ్లనని మారాం చేస్తే తిట్టినట్టు తిట్టి లేపాను.

కిందనున్న ఫెరిచె చేరేసరికి రాత్రి రెండున్నర దాటింది. ఆ ఊళ్లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ల చిన్న క్లినిక్ ఉంది, ట్రెక్కింగ్ సీజన్లలో డాక్టర్లు ఉంటారు. తలుపు కొట్టగానే తీశారు. ఆక్సిజన్ పెట్టి, డెక్సామెథసోన్ ఇంజెక్షన్ ఇచ్చారు. మెదడులో వాపు మొదలైందని చెప్పారు. తెల్లారేసరికి వాడు నన్ను గుర్తుపట్టినట్టు చూసి "అక్కా, నీ ట్రెక్ పాడు చేశానా?" అన్నాడు. నాకు అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ఆ మర్నాడు నామ్చె దాకా దిగిపోయాం. బేస్ క్యాంప్ నేను ఇప్పటికీ చూడలేదు.

ఇది చదివి భయపడి మానుకోమని నా ఉద్దేశం కాదు. వెళ్లండి. అంత అందమైన దారి నేను జన్మలో నడవలేదు. కానీ నా తమ్ముడి ఫిట్‌నెస్ వాడిని కాపాడలేదు, నిజానికి ఆ ఫిట్‌నెస్ వల్లే వాడు మొదటి నాలుగు రోజులు వేగంగా నడిచాడు, తలనొప్పిని లెక్కచేయలేదు. 5,500 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి ఇక్కడ మనకున్నదాంట్లో సగమే. దానికి శరీరం అలవాటు పడటానికి రోజులు పడుతుంది, జిమ్‌లో ఆ రోజులు దొరకవు. మన రెండు రాష్ట్రాల్లో ఏ కొండా 1,700 మీటర్లు దాటదు. కాబట్టి ఇక్కడ ఎంత కష్టపడినా ఎత్తుకు అలవాటు పడటం అక్కడికి వెళ్లాకే మొదలవుతుంది. కఠ్మాండూ నుంచి కఠ్మాండూకి కనీసం 14 రోజులు, ఆపైన లుక్లా విమానాల కోసం ఇంకో రెండు రోజులు ఉంచుకోండి. మబ్బు పడితే అక్కడ విమానం ఎగరదు. సీజన్‌లో చాలా విమానాలు కఠ్మాండూ నుంచి కాకుండా రామెఛాప్ నుంచి నడుస్తాయి, అర్ధరాత్రి లేచి నాలుగైదు గంటలు రోడ్డు మీద వెళ్లాలి. సెలవు దొరక్కపోతే వచ్చే ఏడాదికి మార్చుకోండి. కొండ ఎక్కడికీ పోదు.

ఈ మాట అంటే చాలామంది నాతో "పదమూడేళ్ల పూర్ణ ఏకంగా ఎవరెస్ట్ ఎక్కేసింది, మనం బేస్ క్యాంప్ దాకా వెళ్లలేమా?" అంటారు. ఈ పోలిక నాకు నచ్చదు. మాలావత్ పూర్ణ 2014 మే 25న శిఖరం మీద నిలబడేముందు నెలల తరబడి శిక్షణ తీసుకుంది. భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి, డార్జిలింగ్ వెళ్లి, లద్దాఖ్ చలిలో ఉండి అలవాటు పడింది. ఆ పిల్ల పేరు చెప్పుకునేవాళ్లు ఆ నెలల్ని మాత్రం మర్చిపోతారు.

ఇక శరీరం సంగతి. ట్రెడ్‌మిల్ మానేయండి అనే చెబుతాను. మెట్లు ఎక్కండి, అంతకంటే ముఖ్యంగా మెట్లు దిగండి. మోకాళ్లు పోయేది దిగేటప్పుడే. మీ అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ వాడకండి. వీపున ఆరు కిలోల బ్యాగు వేసుకుని శని, ఆదివారాలు రెండు రోజులూ వరసగా నడవండి, ఎందుకంటే ఒళ్లు నొప్పులతో రెండో రోజు లేచి నడవడమే అసలు సాధన. నేను తిరుమల మూడుసార్లు అలిపిరి నుంచి నడిచి వెళ్లాను. 3,550 మెట్లు అందరూ ఎక్కుతారు, తర్వాత బస్సెక్కి దిగిపోతారు. నేను దర్శనం అయ్యాక మళ్లీ నడిచే దిగాను. నా మోకాళ్లు లొబుచె నుంచి ఆ రాత్రి ఐదు గంటలు దిగగలిగాయంటే అదే కారణం అని నా నమ్మకం. మీకు భువనగిరి దగ్గరే, ఆదివారం పొద్దున్నే వెళ్లి ఆ కోట గుట్ట నాలుగుసార్లు ఎక్కి దిగండి. పక్కవాళ్లతో మాట్లాడుతూ నడవగలిగే వేగమే మీ వేగం. మాట ఆగిపోతోందంటే ఎక్కువ వేగంగా వెళ్తున్నట్టే.

బూట్లు ఇప్పుడే కొనండి. వెళ్లే వారం కొని, నామ్చెలోనే బొబ్బలతో కూర్చున్నవాళ్లని చూశాను. నెట్‌లో కనిపించే నలభై వస్తువుల జాబితాలు పట్టుకుని తిరగకండి. లుక్లా విమానంలో 15 కిలోలే అనుమతిస్తారు, పైగా మీరు కొన్న ప్రతి వస్తువూ ఒక మనిషి వీపు మీద ఎక్కుతుంది. సాధారణంగా ఇద్దరి బ్యాగులు కలిపి ఒక పోర్టర్ మోస్తాడు. మీ బ్యాగు పది కిలోలు దాటనివ్వకండి. పోర్టర్‌కి కూడా బూట్లు, జాకెట్టు, బీమా ఉన్నాయా అని డబ్బు కట్టేముందే అడగండి. అడిగితే తప్ప చెప్పరు. మా తమ్ముడిని మోసినంత పని చేసిన ఆ మనిషి కాళ్లకి పల్చటి కాన్వాస్ బూట్లున్నాయి. అది నేను ఫెరిచెలో వెలుతురులో చూశాను. ఇన్నేళ్లయినా నాకు ఆ బూట్లు గుర్తొస్తూనే ఉంటాయి.

ఒక్క బరువు మాత్రం మోయండి. ఊరగాయ, కందిపొడి. పైకి వెళ్లేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది, రెండు పూటలా ఎక్కువగా పప్పూ అన్నమే పెడతారు. నిమ్మకాయ ఊరగాయ ఉంటే నాలుగు ముద్దలు దిగుతాయి. నామ్చె దాటాక మాంసం వద్దు, కింది నుంచి రోజుల తరబడి మోసుకొచ్చినది.

ఆడవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఒక మాట. రాత్రి ఆ చలిలో బయటి బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుందని మనం నీళ్లు తాగడం తగ్గిస్తాం. అలా చేయకండి. రోజుకి మూడు లీటర్లు తాగి, రాత్రి రెండుసార్లు లేవడానికి సిద్ధపడండి.

డయామాక్స్ గురించి మీ డాక్టర్‌తో ముందే మాట్లాడండి. సల్ఫా మందులు పడనివాళ్లకి అది పడకపోవచ్చు. వేసుకుంటే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువ వస్తుంది, కాబట్టి ఇంట్లోనే రెండు రోజులు వేసుకుని చూడమని డాక్టర్ అంటే అలాగే చేయండి. అది శరీరానికి సాయం చేసే మాత్ర, దింగ్‌బోచెలో రెండో రాత్రికి బదులు కాదు. బీమా తీసుకునేటప్పుడు 6,000 మీటర్ల దాకా, హెలికాప్టర్‌తో సహా అని పాలసీలో రాసి ఉందో లేదో చదవండి. మామూలు ప్రయాణ బీమాల్లో చాలావాటికి అంత ఎత్తు వర్తించదు.

ఇంకొకటి, మీతో వచ్చేవాళ్లతో ఇప్పుడే ఒప్పందం చేసుకోండి. తలనొప్పి వస్తే దాచకూడదు. ఎవరైనా తూలినా, మాట తడబడినా, కూర్చున్నచోటే ఆయాసపడినా ఏ వేళైనా సరే కిందికి దిగాలి, మిగతావాళ్లు విసుక్కోకూడదు. మా తమ్ముడు ఎందుకు దాచాడో తర్వాత చెప్పాడు. నేను మూడేళ్లుగా ఈ ట్రెక్ కోసం డబ్బు దాచుకున్నానని వాడికి తెలుసు. నా కోసమే నోరు మెదపలేదు.

ఈ ఏడాది మళ్లీ వెళ్తున్నాం, ఇద్దరమూ. వాడి డాక్టర్‌తో మాట్లాడాం. 17 రోజులు పెట్టుకున్నాం, నామ్చెలో రెండు రాత్రులు, దింగ్‌బోచెలో రెండు. అదే గైడ్‌ని వెతికి పట్టుకున్నాం.

మీ పది రోజుల ప్యాకేజీలో రోజువారీగా ఎక్కడెక్కడ పడుకుంటారో నిర్వాహకుడిని అడిగి ఆ పట్టిక ఇక్కడ రాయండి. దింగ్‌బోచె ఎదురుగా ఎన్ని రాత్రులున్నాయో ముందు అది చూద్దాం.