హాస్టల్‌లో గంజాయి తనిఖీ: బ్యాగు వెతికినవారు బట్టలు కూడా విప్పించవచ్చా?

ప్రశ్న: మాది ఆదోని. మా అబ్బాయికి 16 ఏళ్లు. కర్నూలు శివార్లలోని ఒక ప్రైవేటు రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. హాస్టల్‌లో గంజాయి వాసన వచ్చిందంటూ ఒక రాత్రి స్టడీ అవర్ మధ్యలో పిల్లలందరి ట్రంకుపెట్టెలు, బ్యాగులు తెరిపించారు. మావాడి బ్యాగులో సిగరెట్ చుట్టుకునే పలుచని కాగితాల ప్యాకెట్ దొరికింది. గంజాయి మాత్రం దొరకలేదు. అయినా వార్డెన్ గదిలోకి తీసుకెళ్లి, లోదుస్తులు తప్ప అన్నీ విప్పించి వెతికారు. దాచుకున్న ఫోన్ తీసుకొని, లాక్ తీయించి, వాట్సాప్ సందేశాలు చదివి, వాటి ఫొటోను పేరుతో సహా తల్లిదండ్రుల గ్రూపులో పెట్టారు. తప్పు ఒప్పుకుంటూ లేఖ రాసివ్వాలని, మూత్రపరీక్ష చేయించాలని, లేకుంటే టీసీ ఇస్తామని అంటున్నారు. చేర్పించేటప్పుడు మత్తుపదార్థాలపై 'జీరో టాలరెన్స్' హామీపత్రం మీద మేము సంతకం చేసిన మాట నిజమే. మాకు అడిగే హక్కు లేదా?

జవాబు: హక్కు ఉంది. అయితే మీకు నచ్చని సంగతి ముందు చెబుతాను. బ్యాగులు, పెట్టెలు తెరిపించడాన్ని ప్రశ్నించి లాభం లేదు. హాస్టల్‌లో ఉన్నంతకాలం పిల్లల బాగోగులు యాజమాన్యం బాధ్యత కాబట్టి, వాసన వచ్చిందన్న కారణంతో పిల్లల ఎదుటే సామాను చూడటాన్ని ఏ న్యాయస్థానమైనా క్రమశిక్షణలో భాగంగానే చూసే అవకాశం ఎక్కువ. నిషేధించిన ఫోన్‌ను స్వాధీనం చేసుకోవడం కూడా అంతే. మీ పోరాటమంతా ఆ తర్వాత జరిగినదాని మీదే ఉండాలి.

మనిషి ఒంటిని వెతకడం వేరే విషయం. 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, గోప్యత 21వ అధికరణం కింద ప్రాథమిక హక్కేనని, దానిలో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలని, ఆ జోక్యం అవసరానికి తగినంతే ఉండాలని తేల్చింది. మాదకద్రవ్యాల విషయంలో ఆ చట్టం 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం. సోదా అధికారాన్ని 42వ సెక్షన్ పోలీసు, ఎక్సైజ్, కస్టమ్స్, రెవెన్యూ వంటి శాఖల అధికారులకే ఇచ్చింది. ప్రిన్సిపాల్, వార్డెన్ ఆ జాబితాలో లేరు. అధికారం ఉన్న పోలీసు సైతం ఒంటిని వెతికే ముందు, గెజిటెడ్ అధికారి లేదా మెజిస్ట్రేటు ఎదుట సోదా కోరే హక్కు ఉందని 50వ సెక్షన్ కింద ఆ వ్యక్తికి చెప్పి తీరాలి. సంచికి ఈ నియమం వర్తించదని, శరీరానికే వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2005లోనే స్పష్టం చేసింది. మీ విషయంలో గీత గీయవలసింది కూడా సరిగ్గా అక్కడే. ప్రైవేటు కాలేజీకి రాజ్యాంగంతో పనేమిటని వారు వాదించవచ్చు. 21వ అధికరణం ప్రైవేటు వ్యక్తుల మీద కూడా అమలవుతుందని 2023లో కౌశల్ కిశోర్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం మెజారిటీ తీర్పు చెప్పింది.

హామీపత్రం సంగతికి వస్తే, మీరు ఒప్పుకున్నది మత్తుపదార్థాలు వాడకూడదన్న నియమానికి. బిడ్డ బట్టలు విప్పించడానికి కాదు. ప్రాథమిక హక్కును సంతకంతో వదులుకోవడం కుదరదని 1985లో ఓల్గా టెల్లిస్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాలేజీలు గొప్పగా చెప్పుకునే ఈ 'జీరో టాలరెన్స్' అమెరికా బడుల నుంచి తెచ్చుకున్నదే. అక్కడ 1985 తీర్పు ప్రకారం సహేతుకమైన అనుమానం ఉంటే ఉపాధ్యాయులు విద్యార్థి సంచి వెతకవచ్చు. కానీ నొప్పిమాత్రల కోసం 13 ఏళ్ల బాలిక బట్టలు విప్పించి వెతకడం రాజ్యాంగ విరుద్ధమని 2009లో అక్కడి సుప్రీంకోర్టే తీర్పునిచ్చింది. ఆ తీర్పులు మన కోర్టులను కట్టడి చేయవు. అయినా విధానాన్ని అరువు తెచ్చుకున్నవారు దాని హద్దును మాత్రం అక్కడే వదిలేసి వచ్చారని వాదనలో చెప్పడానికి పనికొస్తాయి.

ఫోన్ దగ్గర ఉంచుకోవడం వేరు, లాక్ తీయించి చదవడం వేరు. చదివింది గ్రూపులో పెట్టడం ఇంకా పెద్ద తప్పు. విచారణలో ఉన్న పిల్లల పేరు, బడి వంటి వివరాలు వెల్లడించడాన్ని జువెనైల్ జస్టిస్ చట్టం, 2015లోని 74వ సెక్షన్ నేరంగా పరిగణిస్తుంది. పోలీసు విచారణ మొదలుకాకముందే ఇది వర్తిస్తుందా అన్నది వాదించవలసిన అంశమే. గోప్యతా భంగం మాత్రం నిస్సందేహం. గ్రూపులో పెట్టినవాటిని తొలగించమని అడిగేముందు స్క్రీన్‌షాట్లు భద్రపరచుకోండి.

ఒప్పుకోలు లేఖ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వవద్దు. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదు కానీ, ప్రిన్సిపాల్‌కు రాసిచ్చిన కాగితాన్ని రేపు పిల్లల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు తెచ్చే వీలుంది. టీసీ బెదిరింపుతో రాయించారని అప్పుడు వాదించడం కంటే ఇప్పుడు రాయకపోవడమే తేలిక. మీవాడి దగ్గర దొరికింది కాగితాలే. గంజాయి లేకుండా వాటిని ఉంచుకోవడం ఎన్‌డీపీఎస్ చట్టం కింద నేరం కాదు. బలవంతపు మూత్రపరీక్షకు కూడా కాలేజీకి చట్టబద్ధమైన అధికారం లేదు. మీకు అనుమానం ఉంటే వైద్యుడి దగ్గర మీరే చేయించి, ఫలితం మీ దగ్గరే ఉంచుకోండి.

ఒకవేళ పోలీసులు వస్తే భయపడవద్దు. గంజాయిలో ఒక కిలో వరకు 'స్వల్ప పరిమాణం'. శిక్ష ఏడాదికి మించదు కాబట్టి పిల్లల విషయంలో అది చిన్న నేరం. అలాంటివాటికి, పెద్దవారితో కలిసి చేస్తే తప్ప, ఎఫ్‌ఐఆర్ కూడా నమోదు చేయకుండా స్టేషన్ జనరల్ డైరీలో రాసి జువెనైల్ జస్టిస్ బోర్డుకు పంపాలని 2016 నాటి జువెనైల్ జస్టిస్ నియమావళి చెబుతోంది. లాకప్‌లో పెట్టడం ఎలాగూ నిషిద్ధం.

టీసీ విషయంలో మీ బలం కొంత తక్కువే. బడి నుంచి బహిష్కరించరాదన్న విద్యాహక్కు చట్టం నిబంధన ఎనిమిదో తరగతి వరకే రక్షిస్తుంది, మీవాడు ఇంటర్‌లో ఉన్నాడు. అయినా సంజాయిషీ నోటీసు, ఆధారాలు, జవాబు చెప్పుకునే అవకాశం లేకుండా ఇచ్చే టీసీ సహజ న్యాయసూత్రాలకు విరుద్ధం. ఏ చర్య తీసుకున్నా రాతపూర్వకంగా ఇవ్వమని రిజిస్టర్డ్ పోస్టులో అడగండి, ప్రతిని ఇంటర్మీడియట్ బోర్డు జిల్లా అధికారికి పంపండి. నోటిమాటగా బెదిరించేవారు కాగితం మీద పెట్టమనగానే తగ్గడం నేను తరచూ చూస్తుంటాను.

ఫిర్యాదు చేయదలిస్తే జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ ఉంది. పిల్లల సంరక్షణ బాధ్యత ఉన్న సంస్థ సిబ్బందే వారిపట్ల క్రూరంగా ప్రవర్తిస్తే ఐదేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. కేసు బరువుగా కనబడాలని పిల్లలపై లైంగిక నేరాల చట్టమైన పోక్సో కూడా కలపమని కొందరు సలహా ఇస్తారు. లైంగిక ఉద్దేశానికి ఆధారం లేనిచోట దాన్ని కలపడం ఫిర్యాదును బలహీనపరుస్తుంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా, బాలల సంక్షేమ కమిటీకి రాసినా సరిపోతుంది. పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. దానికి కర్నూలులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను సంప్రదించండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

ఇక ఆ కాగితాలు ఎందుకున్నాయో మీవాణ్ణి మీరు అడగాలి, అది కాలేజీకి చెప్పనక్కరలేదు. ఎవరైనా సరఫరా చేస్తున్నారని తెలిస్తే రాష్ట్ర మాదకద్రవ్యాల నిరోధక విభాగం 'ఈగల్' నంబరు 1972కు చెప్పండి. పిల్లలకు మత్తుపదార్థం ఇచ్చినవారికి ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. అలవాటు నిజమే అయితే కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలోని మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి, లేదా వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి. రేపు కేసు పడినా, ప్రభుత్వం గుర్తించిన చోట స్వచ్ఛందంగా చికిత్సకు వెళ్లినవారికి స్వల్ప పరిమాణం కేసుల్లో ఎన్‌డీపీఎస్ చట్టం 64ఎ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్సను మధ్యలో మానేస్తే ఆ రక్షణను ఉపసంహరించే వీలు కూడా అదే సెక్షన్‌లో ఉంది.