మీ ప్రశ్నకు జవాబు: వెలిగిన చోటల్లా మూలకణాలేనా?

ప్రశ్న: మా అన్నయ్యకు మెదడులో గ్లియోబ్లాస్టోమా అనే క్యాన్సర్ కణితి. ఆపరేషన్, రేడియేషన్ అయ్యాయి. క్యాన్సర్ తిరగబెట్టడానికి, కణితిని మళ్లీ మొలిపించే క్యాన్సర్ మూలకణాలే కారణమని చదివాను. పెట్ స్కాన్ తీయిస్తే అవి ఎక్కడ మిగిలాయో తెలుస్తుందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: తెలియదమ్మా. పెట్ స్కాన్‌లో వెలిగేది ఒంట్లోకి ఎక్కించిన రేడియోధార్మిక పదార్థం (ట్రేసర్) చేరిన చోటు. ఆసుపత్రుల్లో ఎక్కువగా వాడే ట్రేసర్ ఎఫ్‌డీజీ గ్లూకోజు లాంటి పదార్థం. ఆరోగ్యంగా ఉన్న మెదడే గ్లూకోజును బాగా లాగేస్తుంది కాబట్టి కణితి ఆ వెలుగులో కలిసిపోతుంది. మెదడు కణితులకు మెథియోనిన్, ఎఫ్‌ఈటీ వంటి అమైనో ఆమ్ల ట్రేసర్లు మేలు. అవి కూడా కణితి ఉందా లేదా అన్నది చెబుతాయే గానీ, అందులో మూలకణాలేవో విడదీయలేవు.

ఎందుకంటే, ఆసుపత్రి యంత్రం చూపు సుమారు 5 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. అంత ఘనంలో దాదాపు 12 కోట్ల కణాలు పడతాయి. నూటికి ఒకటి మూలకణమనుకున్నా 12 లక్షలు, అవీ చెల్లాచెదురుగా. తెరమీద కనబడేది మొత్తం ముద్ద సగటు వెలుగే. మీరు డాక్టరుగారిని అడగాల్సింది వేరు: ఎంఆర్‌ఐలో కొత్తగా మచ్చ కనిపిస్తే అది కణితా, రేడియేషన్ వల్ల చచ్చిన కణజాలమా? అమైనో ఆమ్ల పెట్ స్కాన్ అక్కరకొచ్చేది అక్కడ.

ప్రశ్న: గ్లియోబ్లాస్టోమా కణాలు నాటిన ఎలుకల్లో, క్యాన్సర్ మూలకణాల గుర్తుగా వాడే సీడీ133 ప్రొటీన్‌ను పట్టుకునే యాంటీబాడీకి రేడియోధార్మిక కాపర్-64 తగిలించి పెట్ స్కాన్ చేస్తున్నాం. కాపర్ ఎంత అంటిందో చూసే టీఎల్‌సీ (పలుచని పొర క్రొమటోగ్రఫీ) పరీక్షలో 98 శాతం వస్తోంది. అయినా సీడీ133 ఉన్న కణితి, లేని కణితి ఒకేలా వెలుగుతున్నాయి. తప్పెక్కడ?
– ఒక పరిశోధక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: ముందు యాంటీబాడీ సీసా మీది లేబుల్ చదవండి. బజార్లో దొరికే చాలా యాంటీబాడీల్లో నిల్వ కోసం ఆవు ఆల్బుమిన్ కలుపుతారు. కాపర్‌ను పట్టి ఉంచే కీలేటర్ అనే అణువుకు యాంటీబాడీ, ఆల్బుమిన్ అన్న తేడా లేదు. ప్రొటీన్లలో ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం దొరికితే చాలు, అతుక్కుంటుంది. టీఎల్‌సీ వేరుచేసేది విడి కాపర్‌ను మాత్రమే. ఆల్బుమిన్‌కు తగులుకున్న కాపర్ కూడా యాంటీబాడీతోపాటు చుక్క పెట్టిన చోటే కూర్చుంటుంది. మీ 98 శాతం ఇలాంటిదే కావచ్చు. అణువులను పరిమాణాన్ని బట్టి వేరుచేసే సైజ్ ఎక్స్‌క్లూజన్ హెచ్‌పీఎల్‌సీ పెట్టండి: 150 కిలోడాల్టన్ల యాంటీబాడీ ముందు, 66 కిలోడాల్టన్ల ఆల్బుమిన్ తర్వాత వస్తాయి. రెండు పీకులు కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఆల్బుమిన్ కలపని యాంటీబాడీ తెప్పించుకోండి.

ఒక్క పీకే వస్తే కీలేటర్ మోతాదు చూడండి. యాంటీబాడీకి ఒకటి నుంచి మూడు చాలు. ఎక్కువైతే పట్టుకునే చోటే మూసుకుపోతుంది. కీలేటర్ అతికించేటప్పుడు పీహెచ్ 8.5 నుంచి 9 ఉండాలి, ట్రిస్ బఫర్ మాత్రం వద్దు, దాని అమైన్లే కీలేటర్‌ను మింగేస్తాయి. కాపర్ కలిపేది పీహెచ్ 5.5 నుంచి 6 ఉన్న అసిటేట్ బఫర్‌లో, 37 డిగ్రీల దగ్గర, అరగంట నుంచి గంట. ఎలుకకు ఎక్కించే ముందు డిష్‌లోని కణాలకు అంటుతోందో లేదో తప్పక చూడాలి. చాలామంది దాటవేసేది ఈ పరీక్షే.

అక్కడ బాగా అంటి ఎలుకలో తేడా రాకపోతే, కణితి రక్తనాళాలు కారుతున్నాయేమో. వాటి గుండా ఏ యాంటీబాడీ అయినా లోపలికి జారుతుంది. సీడీ133తో పనిలేని, అదే రకం యాంటీబాడీని ట్యాగ్ చేసి ఇంకో గుంపు ఎలుకలకివ్వండి. మరో గుంపుకు ముందుగా ట్యాగ్ లేని సీడీ133 యాంటీబాడీని ఎక్కువ మోతాదులో ఇచ్చి చూడండి. వెలుగు తగ్గకపోతే అది సీడీ133 వెలుగు కాదు. స్కాన్ 24, 48 గంటలకు తీయాలి. రెండు గంటలకే తీస్తే రక్తమే కనిపిస్తుంది. కాపర్-64 అర్ధాయువు 12.7 గంటలు కాబట్టి అంతసేపూ సంకేతం అందుతుంది. కాలేయం మరీ వెలిగితే కీలేటర్ నుంచి కాపర్ ఊడుతోందేమో చూడండి.

ఇది జరగని పనేం కాదు. 2014లో జర్మనీలోని ఫ్రైబర్గ్ బృందం సీడీ133ను పట్టుకునే ఏసీ133 యాంటీబాడీతో ఎలుకల గ్లియోమాల్లో (ఒక రకం మెదడు కణితి) సీడీ133 కణాలను పెట్‌లో చూపింది. స్కానయ్యాక కణితిని కోసి, పలుచని ముక్క మీద రేడియోధార్మికత ఎక్కడుందో చూపే ఆటోరేడియోగ్రఫీ తీసి, ఆ ముక్కకే సీడీ133 రంగు వేసి, రెండూ ఒకదానిమీద ఒకటి పెట్టి చూడండి.

ప్రశ్న: కాపర్-ఏటీఎస్‌ఎం అనే పెట్ ట్రేసర్ మూలకణాలనే పట్టుకుంటుందా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: నేరుగా కాదు. అది చేరేది ఆక్సిజన్ తక్కువైన కణాల్లో. అక్కడ కాపర్ రూపం మారి చిక్కుకుపోతుంది. మూలకణాలు అలాంటి చోట్ల గూడు కట్టుకోవడం మామూలే కాబట్టి రెండూ కలిసి కనిపిస్తాయి. 2010లో జపాన్ శాస్త్రవేత్తలు ఎలుక పెద్దపేగు కణితిలో అదే చూశారు. ఊపిరాడని మామూలు కణమూ అలాగే వెలుగుతుంది.